సుంకం సున్నా అయింది సరే, మా వాటా ఎంత?

2025 జులై 24న లండన్ సమీపంలోని చెకర్స్‌లో భారత్, బ్రిటన్ సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మర్నాటి పత్రికల నిండా ఒకటే సంబరం. తోలు బూట్ల మీద 16 శాతం దాకా ఉన్న సుంకం సున్నా. రొయ్యలు, చేపల మీద 20 శాతం దాకా ఉన్నది సున్నా. దుస్తుల మీద 12 శాతం దాకా ఉన్నది సున్నా. మన ఎగుమతుల్లో 99 శాతం రకాల సరుకులు పన్ను లేకుండా బ్రిటన్ చేరతాయని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో మా పెదనాన్న పక్కన కూర్చున్నాను. ఆయన చెప్పులు కుడతాడు. ఒక చెక్క పెట్టె, ఆరె, రంపె, రెండు రకాల దారం, పాత టైరు ముక్కలు ఆయన ఆస్తి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టిన కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వేల మంది ఈ ఊరికి వచ్చారు. వాళ్లలో మా ముత్తాత ఒకడు. పట్టాల మీద గ్యాంగ్ పని చేసి, సాయంత్రాలు తోటి కూలీల జోళ్లు కుట్టేవాడని మామ్మ చెప్పేది. రైల్వే కొలువు తాతతో ఆగిపోయింది. కుట్టుపని మాత్రం ఇంట్లో మిగిలింది.

"ఒరే, లండన్‌లో జోళ్ల మీద పన్ను తీసేసినారట గదా. మరి మనకేటొస్తాది?" అన్నాడు పెదనాన్న.

నేను అంతర్జాతీయ వాణిజ్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సుంకం తగ్గితే ఎగుమతి ఎంత పెరుగుతుందో లెక్క కట్టే సూత్రాలు నాకు వచ్చు. ఆ పెరిగిన ఎగుమతిలో పెదనాన్న లాంటివాడికి ఏమొస్తుందో చెప్పే సూత్రం మాత్రం నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు. కనబడకపోవడం యాదృచ్ఛికం కాదని నా వాదన.

ఒప్పందాల వల్ల మేలు ఉందా?

ఉంది. ముందే ఒప్పుకుంటాను.

ఒక జత బూట్లు బ్రిటన్ రేవుకు చేరేసరికి 50 పౌండ్లు పడిందనుకుందాం. 16 శాతం సుంకమంటే అక్కడి దిగుమతిదారు ఇంకో 8 పౌండ్లు కట్టాలి. వియత్నాంకు బ్రిటన్‌తో 2021 నుంచే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది. బంగ్లాదేశ్‌కు వెనుకబడిన దేశంగా సుంకం మినహాయింపు ఉంది. ఒకే నాణ్యత, ఒకే ధర ఉన్నప్పుడు దిగుమతిదారు భారత్‌ను వదిలి ఢాకాకు ఆర్డరిస్తాడు. ఇన్నాళ్లూ జరిగింది అదే. సుంకం పోతే మన ఎగుమతిదారు వాళ్లతో సమానంగా నిలబడతాడు. ఆర్డర్లు పెరిగితే పనిదినాలు కూడా పెరగవచ్చు. యూఏఈతో 2022 మేలో, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందాల వెనక ఉన్న తర్కమూ ఇదే.

కానీ ఆ 8 పౌండ్లు మిగిలాక ఎవరి జేబులోకి పోతాయి? దారులు మూడు. దుకాణంలో ధర తగ్గితే బ్రిటిష్ కొనుగోలుదారుకు. తగ్గకపోతే దిగుమతి చేసుకునే బ్రాండ్‌కు. మన ఎగుమతిదారుకు బేరమాడే బలం ఉంటే కొంత అతనికి. నాలుగో దారి, అంటే ఆ ఎగుమతిదారు నుంచి తోలు ఊనే కూలీకి, పైభాగాలు కుట్టే ఆడమనిషికి, గుంట కడిగే మనిషికి పోయే దారి, ఒప్పందంలో లేదు. అది ఈ దేశం లోపల తేలాల్సిన బేరం. ఈ దేశం లోపల బేరం ఎలా తేలుతుందో మనకు తెలుసు.

కోల్‌కతాలో ఒక సెమినార్‌లో నేను ఈ ప్రశ్నే అడిగాను. తోలు ఎగుమతిదారుల్లో దళితులు ఎంతమంది అని. వేదిక మీది ప్రొఫెసర్ నవ్వి, "మార్కెట్‌కు కులం తెలియదు" అన్నారు. తోలు చరిత్ర చదివినవాళ్లెవరూ అనలేని మాట అది.

లంద నుంచి రేవు దాకా

మన పల్లెల్లో చచ్చిన పశువును మోసుకెళ్లడం, తోలు ఒలవడం, లందలో తంగేడు చెక్కతో ఊనడం, దాంతో మోట బొక్కెనలు, చెప్పులు, డప్పులు చేయడం మాదిగల పని. దానికి ప్రతిఫలం కళ్లంలో దొరికే నాలుగు గింజలు. ఆ పనే మమ్మల్ని అంటరానివాళ్లను చేసిందని చెప్పారు. తోలు పని చేసినందుకు ఊరి బయట ఉంచారు. మేం కుట్టిన చెప్పులు వేసుకుని అగ్రకులాల వాడలో మేమే నడవకూడదన్నారు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇదే తోలుకు విదేశీ మార్కెట్ తెరుచుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊనిన తోళ్లకు లండన్‌లో గిరాకీ పెరిగింది. తోలుకు డబ్బు రావడం మొదలైంది. అప్పుడేం జరిగిందో ఆర్థిక చరిత్రకారుడు తీర్థంకర్ రాయ్ వంటివాళ్లు రాశారు. ఊళ్లో వాడుకగా చేతులు మారే తోలు అమ్మకపు సరుకుగా మారింది. దాన్ని కొని పట్నానికి చేర్చే వర్తకులు వచ్చారు. ఊనే పని పల్లె లంద నుంచి పట్నపు ఫ్యాక్టరీకి తరలింది. మా వాళ్లలో చాలామందికి తోలు మీద ఉన్న వాడుక హక్కు పోయింది, ఫ్యాక్టరీ కూలి మిగిలింది. పని అంటరానిదే. దాని మీద వచ్చిన లాభానికి మాత్రం ఏ అంటూ లేదు.

ప్రాధాన్య సుంకాలు కూడా మనకు కొత్త కావు. 1919లో పచ్చి తోళ్ల ఎగుమతి మీద 15 శాతం సుంకం వేసి, సామ్రాజ్యం లోపలే ఊనే తోళ్లకు అందులో మూడింట రెండు వంతులు వెనక్కిచ్చారు. 1932 ఒట్టావా ఒప్పందంతో బ్రిటన్ మార్కెట్‌లో భారతీయ తోలుకు ఇతర దేశాల కంటే తక్కువ సుంకం దక్కింది. అంటే బ్రిటన్‌కు మన తోలు రాయితీతో చేరడం ఇదే మొదటిసారి కాదు. అప్పుడూ ఎగుమతిదారు బాగుపడ్డాడు. మాదిగ గూడెం బాగుపడిందని ఎవరైనా చూపించగలరా?

స్వాతంత్ర్యం తర్వాత 1970లలో పచ్చి తోళ్లు, సగం ఊనిన తోళ్లు బయటికి పోకుండా కట్టడి చేసి, బూట్లు, బ్యాగులు చేసి అమ్మాలని ప్రభుత్వం నిర్ణయించింది. విధానంగా అది తెలివైనదే. విలువ ఎక్కువ ఉన్న మెట్టు మీదికి దేశం ఎక్కింది. ఆ మెట్టు ఎక్కడానికి యంత్రాలు, బ్యాంకు అప్పు, డిజైనర్లు, విదేశీ పరిచయాలు కావాలి. అవి ఉన్నవాళ్లే ఎక్కారు. అదే దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో తోలు పనివారి కోసం లిడ్‌క్యాప్ అనే సంస్థ పెట్టారు. దాని పేరు మీద భూములు సేకరించారు, లెదర్ పార్కులన్నారు. ఆ భూములు ఖాళీగా పడి ఉన్నాయనీ, వాటిని వేరే అవసరాలకు మళ్లిస్తున్నారనీ రెండు తెలుగు రాష్ట్రాల్లో మాదిగ సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తూనే ఉన్నాయి.

బాబాసాహెబ్ ముందే అడిగిన ప్రశ్న

అంబేడ్కర్‌ను రాజ్యాంగానికి, రిజర్వేషన్లకు పరిమితం చేసి చదివేవాళ్లకు ఆయన ఆర్థికవేత్త అన్న సంగతి గుర్తుండదు. 1923లో లండన్‌లో అచ్చయిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ'లో ఆయన సరిగ్గా ఎగుమతిదారు లాభం గురించే వాదించారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెండి ధర పడిపోయి, దానితో పాటు రూపాయి విలువ పడింది. దానివల్ల ఎగుమతులు పెరిగాయి, కాబట్టి దేశం లాభపడిందని చాలామంది ఆర్థికవేత్తలు, వ్యాపారులు చెప్పేవారు. ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో చూడమన్నారు అంబేడ్కర్. రూపాయి పడితే దేశంలో ధరలు పెరుగుతాయి. కూలి అంత వేగంగా పెరగదు. ఎగుమతిదారుకు మిగిలింది ఆ తేడా. అంటే బయటి నుంచి దేశానికి వచ్చిన సంపదగా కనిపించేది, నిజానికి దేశం లోపల ఒక వర్గం నుంచి ఇంకో వర్గం చేతికి మారిన సంపద. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చినప్పుడు కూడా వ్యాపార వర్గం, కూలి వర్గం ప్రయోజనాలను విడదీసే మాట్లాడారు.

ఎగుమతి వద్దని ఆయన అనలేదు. 'దేశానికి లాభం' అనే మాటను విప్పి చూడమన్నారు. దేశం అనే ఒకే మనిషి లేడు, అందులో జీతం ఇచ్చేవాడూ కూలి తీసుకునేవాడూ ఉన్నారు అన్నది ఆయన పాఠం. వందేళ్ల తర్వాత కూడా మన వాణిజ్య శాఖ ప్రకటనల్లో, మన ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ల సిలబస్‌లో ఈ పాఠం లేదు. అంబేడ్కర్ జయంతికి దండలు వేసే విశ్వవిద్యాలయాల్లో ఎన్నిటిలో ట్రేడ్ కోర్సుకు ఈ పుస్తకం పాఠ్యంగా ఉందో చదివే విద్యార్థులే లెక్క తేల్చాలి.

రెండు గుంటలు

ఖరగ్‌పూర్ మీదుగా హౌరా - చెన్నై మార్గం పోతుంది. ఈ పట్టాలకు ఒక చివర కోల్‌కతా, దారి మధ్యలో గోదావరి జిల్లాలు. రెండు చోట్లా ఎగుమతి పరిశ్రమలే. రెండు చోట్లా ఏం జరిగిందో చెబుతాను.

కోల్‌కతా నగరం మధ్యలోని ట్యాంగ్రా, తోప్సియా, తిల్జలా తోలు ఫ్యాక్టరీలను బయటికి తరలించమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా బంతలాలో కలకత్తా లెదర్ కాంప్లెక్స్ వచ్చింది. ఇవాళ దేశపు తోలు ఎగుమతిలో అది ముఖ్య కేంద్రం. అక్కడ పనిచేసేది ఎక్కువగా బిహార్ నుంచి వచ్చిన చమార్లు, ముస్లిం పేదలు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కోల్‌కతా సహా ఆరు మహానగరాల్లో మనుషుల చేత మురుగు కాలువలు శుభ్రం చేయించకూడదని ఆదేశించింది. నాలుగు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 2న అదే లెదర్ కాంప్లెక్స్‌లో మ్యాన్‌హోల్ శుభ్రం చేస్తూ ముగ్గురు కార్మికులు చనిపోయారు.

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలం నల్లవారితోటలో, రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఫ్యాక్టరీ వ్యర్థాల ట్యాంకులో విషవాయువుకు ఐదుగురు కార్మికులు చనిపోయారు. దాని ముందు ఏడాదే దగ్గర్లోని తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కితే 144 సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు.

ఎనిమిది ప్రాణాలు. ఒకచోట తోలు, ఒకచోట రొయ్య. రెండూ డాలర్లు తెచ్చే సరుకులే. 2024-25లో దేశం నుంచి 62 వేల కోట్ల రూపాయలకు పైగా సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. తోలు రంగం 44 లక్షల మందికి పని ఇస్తోందని ప్రభుత్వమే చెబుతుంది. ఆ గుంట కడగడానికి ఒక యంత్రం కొనలేనంత పేదవి కావు ఈ పరిశ్రమలు. యంత్రం కంటే మనిషి చవక కాబట్టి కొనలేదు. ఆ మనిషిని చవక చేసింది కులం. మన సరుకు 'పోటీ ధర'కు దొరుకుతుందని విదేశీ కొనుగోలుదారుకు చెప్పేటప్పుడు, ఆ ధరలో ఈ చవకతనం కూడా కలిసి ఉంది.

ఇంకో విషయం చూడండి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ అదనపు సుంకాలు ప్రకటించాడు. అవి పూర్తిగా అమలులోకి రాకముందే ఆంధ్రలో రొయ్యల కొనుగోలు ధరలు కోసేశారు. మినహాయింపు ఇప్పించమని ముఖ్యమంత్రి కేంద్ర మంత్రికి లేఖ రాశారు. ఆగస్టు 27న సుంకం 50 శాతానికి చేరింది. సుంకం పెరిగితే ఆ భారం రోజుల్లోనే చెరువు గట్టుకు దిగివస్తుంది. అక్కడి నుంచి తలలు తీసే షెడ్డులో కిలోల లెక్కన కూలి తీసుకునే దళిత, మత్స్యకార స్త్రీల దాకా దిగుతుంది. అంత వేగంగా దిగే దారి ఉన్నప్పుడు, సుంకం తగ్గినప్పుడు లాభం కూడా అదే దారిన దిగాలి కదా? బ్రిటన్ సుంకం సున్నా అయిన రోజున ఆ షెడ్డులో కిలోకు ఎన్ని పైసలు పెంచుతారో ఏ ఎగుమతిదారుల సంఘమైనా ప్రకటించిందా?

'ఎవరైనా ఎగుమతి చేయొచ్చు కదా?'

ఈ మాట నన్ను చాలాసార్లు అడిగారు. 500 రూపాయలు కడితే ఆన్‌లైన్‌లో ఎగుమతి, దిగుమతి కోడ్ వస్తుంది, మీవాళ్లను తీసుకోమనండి అంటారు.

కోడ్ వస్తుంది. ఆ తర్వాత? ఐరోపాకు పంపే తోలులో ఆరో రూపపు క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని తేల్చడానికి గుర్తింపు పొందిన ల్యాబ్ పరీక్ష కావాలి. సుంకం రాయితీ కావాలంటే సరుకు ఇక్కడే తయారైందని నిరూపించే మూలదేశ ధ్రువీకరణ, దానికి ముడిసరుకు నుంచి రికార్డులు కావాలి. నమూనాలు పంపాలి, మూడు నెలలు డబ్బు రాకుండా ఆగగలగాలి, అందుకు బ్యాంకు అప్పు కావాలి. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. తరతరాలుగా భూమి లేకుండా చేసినవాళ్లను తాకట్టు అడగడమంటే ముఖం మీద తలుపు వేయడమే. సుంకం ఒక గోడ. దాని వెనక ఇన్ని గోడలున్నాయి. ఒప్పందం మొదటి గోడ కూల్చింది. మిగతావి ఎవరికి అడ్డో వాళ్లు ఇంకా బయటే ఉన్నారు.

ముడిసరుకు దగ్గరే ఇంకో గోడ ఉంది. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. తోలు బూటు లండన్‌లో సున్నా సుంకానికి అమ్ముడుపోవాలి, ఆ తోలు ఒలిచినవాడి వీపు మాత్రం ఇక్కడ చిట్లాలి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడే వాణిజ్య విధానం ఏదీ లేదు.

స్వదేశీ మిత్రులకు

ఇది చదివి కొందరు వామపక్ష మిత్రులు, మరోవైపు స్వదేశీ జాగరణవాళ్లు సంతోషించవచ్చు. చూశావా, అందుకే ఈ ఒప్పందాలు వద్దంటున్నాం, స్థానిక మార్కెట్‌ను కాపాడుకుందాం అని. వాళ్లతో నేను లేను.

స్థానిక మార్కెట్ మాకు ఎప్పుడు తెరిచి ఉంది? ఊరి హోటల్లో మావాళ్ల చేతి టీ ఎవరు తాగారు? మావాళ్ల కొట్టులో పచారీ సామాను ఎవరు కొన్నారు? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా చూపేవాళ్లను ఎందుకు అంత తీవ్రంగా విమర్శించారో మళ్లీ చదవండి. విదేశీ కొనుగోలుదారు బూటు చూస్తాడు, కుట్టినవాడి ఇంటిపేరు అడగడు. ఆ ఒక్క కారణానికే దూరపు మార్కెట్ మాకు దగ్గరి మార్కెట్ కంటే మేలు కావచ్చు. అందుకే మార్కెట్ తలుపులు మూయమని మేం అడగడం లేదు. ఆ తలుపు దాకా మేం చేరకుండా మధ్యలో నిలబడ్డవాళ్లను జరగమంటున్నాం.

అలాగే నలుగురు దళిత కోటీశ్వరుల ఫొటోలు చూపి సమస్య తీరిందనే వాదనకూ నేను ఒప్పుకోను. వాళ్లు ఎదగడం గర్వకారణమే. కానీ నలుగురి గెలుపు లక్షల మంది కూలిని నిర్ణయించదు.

అడగాల్సింది ఏమిటి?

బ్రిటన్ ఒప్పందంలో కార్మికుల మీద ఒక అధ్యాయం ఉంది. స్త్రీ పురుష సమానత్వం మీద ఉంది. చిన్న పరిశ్రమల మీద ఉంది. కులం మీద లేదు. ఇందులో బ్రిటన్‌ను అనాల్సింది తక్కువ. బల్లకు ఇవతల కూర్చున్న మన ప్రతినిధులకు కులం ఒక వాణిజ్య విషయంగా తోచలేదు, అదీ అసలు సంగతి.

మొదటిది, లెక్క. చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో యజమాని సామాజిక వర్గం అడిగే గడి ఇప్పటికే ఉంది. దాన్ని ఎగుమతి లెక్కలతో కలిపి ఏటా ప్రచురించండి. ఏ ఒప్పందం వల్ల ఏ వర్గపు ఎగుమతిదారుకు ఎంత లాభం వచ్చిందో జనం చూడాలి. రెండోది, షరతు. ఎగుమతిదారుకు పన్నులు తిరిగిచ్చే పథకాలు ప్రజల డబ్బుతో నడుస్తాయి. కనీస వేతనం ఇవ్వని, మనిషిని గుంటలో దింపిన ఫ్యాక్టరీకి ఆ డబ్బు ఆపండి. మూడోది, సదుపాయం. ఖాళీగా ఉన్న లిడ్‌క్యాప్ భూముల్లో ఉమ్మడి పరీక్షా ల్యాబులు, వ్యర్థ జలాల శుద్ధి కేంద్రాలు కట్టి, మాదిగ సహకార సంఘాల చేతికివ్వండి. 2025 బడ్జెట్‌లో చిన్న తోలు శుద్ధిదారుల పేరు చెప్పే క్రస్ట్ తోలు మీద ఎగుమతి సుంకం తీసేశారు. ఆ చిన్నవాళ్లకు రేవు దాకా దారి వేయకుండా సుంకం తీసేస్తే అది పెద్దవాళ్లకే పనికొస్తుంది. నాలుగోది, కుర్చీ. చర్చలకు ముందు ఎగుమతిదారుల మండళ్లను సంప్రదిస్తున్నారు. తోలు, రొయ్య కార్మికుల సంఘాలను, దళిత ఉత్పత్తిదారులను కూడా అదే గదికి పిలవండి.

ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి జరగాలని 2012 విధానం చెబుతోంది. ఏళ్లు గడిచినా ఆ 4 శాతం దరిదాపులకు కూడా రాలేదు. ఇంట్లో రాసుకున్న నాలుగు శాతమే ఇవ్వనివాళ్లు, విదేశంలో గెలిచిన పదహారు శాతంలో వాటా వాళ్లంతట వాళ్లే ఇస్తారని నమ్మి కూర్చోలేం.

ట్రేడ్ మీద పనిచేసే దళిత, బహుజన పరిశోధకులకు ఒక మాట. మనం కులం మీద రాస్తే సోషియాలజీకి పొమ్మంటారు, సుంకాల మీద రాస్తే కులం తీసెయ్యమంటారు. రెండూ ఒకే థీసిస్‌లో రాద్దాం. బాబాసాహెబ్ లండన్‌లో రూపాయి మీద రాసినప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు.

పెదనాన్నకు ఆ సాయంత్రం నేను చెప్పిన జవాబు ఇది: "ఇప్పటికైతే ఏమీ రాదు పెదనాన్నా. అడిగితే రావచ్చు." ఆయన ఆరె దించకుండానే, "మరి అడగండి. సదువుకున్నది అందుకే గదా" అన్నాడు.

జై భీమ్.